బడి లేని రోజుల అన్నం

మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళకి మిల్లు గేటు పక్కన ఒక ఆడపిల్లని నిలబెట్టారు. పదేళ్ళు కూడా ఉండవు. సెలవులైనా ఒంటి మీద బడి గౌనే ఉంది, వేరేది లేదు కాబట్టి. చేతిలో కొరికిన రొట్టెముక్క. దాన్ని పారెయ్యడానికి వీల్లేదు, తినడానికీ వీల్లేదు. చెయ్యి చాచి, వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా పట్టుకుని నిలబడాలి. అదీ శిక్ష.

ఆ రొట్టె ఆఫీసర్ల క్యాంటీన్ వెనక తొట్టిలోది. ఎంగిలి కంచాల్లో మిగిలినదంతా అందులో దులుపుతారు. సాయంత్రం పందులు పెంచేవాడొచ్చి ఎత్తుకుపోతాడు. పందుల సొత్తు కాబట్టి అది దొంగతనమే అయింది. గేటు జవాను పిల్లని పట్టుకుని నాలుగు తగిలించబోతే, అప్పుడే భోంచేసి బయటికొచ్చిన వెల్ఫేర్ ఆఫీసరు ఆపాడు. దెబ్బలు మానిపోతాయనీ, అందరూ చూసేలా నిలబెడితే ఇంకో పిల్ల క్యాంటీన్ గోడ సందులోంచి దూరదనీ చెప్పాడు. ఆయనకి గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. నెమ్మదిగా చెప్పి, రుమాలుతో మూతి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

సైరన్ మోగింది. గేటు తెరుచుకుంది. జుట్టులో, కనుబొమల్లో నూలు దుమ్ము పేరుకున్న జనం బయటికి వచ్చారు. ముందున్నవాళ్ళు పిల్లని చూసి ఒక్క క్షణం అడుగు తడబడ్డారు. తర్వాత అడుగు వేగం చేశారు. వెనకవాళ్ళూ అంతే. "ఎవరి పిల్లో పాపం" అని ఒకరెవరో గొణిగారు. చెప్పుల మీదా, నేల మీదా, ఎదుటివాడి వీపు మీదా చూపులు పెట్టుకుని అందరూ నడిచిపోయారు. మిల్లు సగం షిఫ్టు మీద నడుస్తోంది. నోరెత్తినవాడికి ఆ సగం కూడా ఉండదని అందరికీ తెలుసు.

ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ముడుల అక్క ఉంది. స్పిన్నింగులో తెగిన దారాలు పట్టి ముడేసే పని ఆమెది, అందుకే ఆ పేరు. తల ఎత్తి చూసింది. ఆ పిల్ల ఆమె కూతురు.

పిల్ల "అమ్మా" అనలేదు. పెదాలు కదిలాయి, అంతే. ముడుల అక్క కాళ్ళు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో భుజంతో తోసి, ఆగకే, ఆగితే పని పోతుంది, చిన్నదాన్ని సాయంత్రానికి ఎలాగూ వదిలేస్తార్లే అన్నారు. ముడుల అక్క తలకి కట్టుకున్న గుడ్డని నుదుటి మీదికి లాక్కుంది. నడిచింది. కూతురి ముందు నుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి నడిచిపోయింది.

అంతమంది నడిచిపోయారు. ఒక్కరు ఆగి ఉంటే రెండోవారు ఆగేవారు. ఆ ఒక్కరు ఆ రోజు లేరు.

పొద్దు వాలాక పిల్ల ఇంటికి వచ్చింది. తల్లి గంజి కాచి పెట్టింది. పిల్ల ముట్టలేదు. లోపల సిగ్గు కుతకుతా ఉడుకుతుంటే మనిషికి మొదట వచ్చేది కోపమే. ముడుల అక్క కూతుర్ని తిట్టిపోసింది. పందుల తొట్టిలో చెయ్యి పెట్టడానికి నీకేం వచ్చిందనీ, పదిమందిలో పరువు తీశావనీ, ఇంట్లో ఉన్నదేదో తిని పడుండలేకపోయావా అనీ అరిచింది. అరుస్తున్నప్పుడే ఆమెకి గుర్తొచ్చింది, ఇంట్లో ఏమీ లేదని.

పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని ఒకే మాట అంది.

"బడి లేదు కదమ్మా."

బడి ఉన్నప్పుడు మధ్యాహ్నం బళ్ళో అన్నం పెట్టేవారు. సెలవులిచ్చారు. పలకలతో పాటు పొయ్యికీ సెలవిచ్చారు. పిల్లలు ఆడుకుంటారని పెద్దవాళ్ళు అనుకున్నారు.

మిల్లు కూలీలుండే లైన్లలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒంటి ఇటుక మందం. అటు పక్క ఇంట్లో వంటత్త ఉంటుంది. బళ్ళో పిల్లలకి వండిపెట్టేది ఆమే. పొయ్యి ఆరితే ఆమె పనీ ఆరుతుంది. తిట్లన్నీ విన్నది. ఆ ఒక్క మాటా విన్నది. సెలవులకి ముందు చివరి రోజు పిల్లలు రెండోసారి పెట్టించుకుని, తినకుండా జేబుల్లో కుక్కుకుంటుంటే, గౌన్లు పాడుచేస్తారా అని గరిటెతో చేతుల మీద కొట్టింది ఆమే. ఎందుకు కుక్కుకుంటున్నారో ఆ రోజు అడగలేదు.

తెల్లారగానే వంటత్త బాయిలర్ తాత ఇంటికి వెళ్ళింది. తాత ఒకప్పుడు మిల్లు బాయిలర్‌లో బొగ్గు ఎత్తినవాడు. పోయిన సమ్మె ఓడిపోయాక కార్మిక సంఘం హాలుకి తాళం వేసి ఆ తాళంచెవి నడుముకి కట్టుకు తిరుగుతున్నవాడు. హాలు తెరవమంది. సంఘమే లేదు, హాలెందుకన్నాడు. వంట చెయ్యడానికంది. తాత తాళంచెవి తడుముకున్నాడు. గేటు దగ్గర ముందు రోజు తనూ నిలబడి చూశానన్నాడు. మనవడితో పాటు చూశాననీ, ఎందుకు నిలబెట్టారని వాడడిగితే చెప్పలేకపోయాననీ అన్నాడు. తర్వాత తాళంచెవి ఇచ్చాడు.

హాలు తలుపు తెరిస్తే గబ్బిలాల వాసన. చిరిగిన జెండాలు, విరిగిన కుర్చీలు. కాలేజీలో చదివే టైలరు కూతురు ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి చీపురు పట్టింది. కూరగాయల బండి అతను మచ్చలు పడ్డ వంకాయలూ, చితికిన టమాటాలూ తెచ్చి గుమ్మంలో దింపి, ఇవి నేనిచ్చానని ఎవరికీ చెప్పొద్దని వెళ్ళిపోయాడు. నిలబడలేని ఒక ముసలమ్మ గోడకి ఆనుకుని కూర్చుని బియ్యంలో రాళ్ళేరింది. చూపు ఆనకపోయినా వేళ్ళతో తడిమి ఏరింది. ఇంటింటికీ తిరిగి గుప్పెడు గుప్పెడు అడిగి తెచ్చిన బియ్యం అది. సన్నాలూ ముతకా కలిసిపోయి ఎంత ఉడికించినా సగం పలుకుగానే ఉంటుందని వంటత్త సణుగుతూనే ఉంది.

అన్నం అయింది. పప్పు అయింది. పిల్లలు రాలేదు.

వంటత్త లైన్ల వెంట తిరిగి పిలిచింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే జవాబు. మావాళ్ళు ఇప్పుడే తిన్నారత్తా. తిన్నారని తల్లి అంటుంటే ఆమె మోకాళ్ళ వెనక నుంచి పిల్లాడు ఆవిరి వస్తున్న వైపే చూస్తున్నాడు. ఒకామె తలుపు కూడా వేసేసింది. బిడ్డని నిలబెట్టి అందరికీ చూపించిన గేటు ఒకటి చాలు, ఆ హాలుకి కూడా పంపి నా బిడ్డ ఆకలితో ఉందని ఊరంతా చెప్పుకోవాలా అని లోపల్నుంచి అంది.

వంటత్త తిరిగొచ్చి అన్నం కుండ ముందు కూలబడింది. కాలేజీ పిల్లకి ఏడుపొచ్చింది. రాళ్ళేరే ముసలమ్మ మాత్రం చాట పక్కన పెట్టి, మీరు పిలిచిన తీరు బాగాలేదంది. ఆకలైనవాళ్ళు రండి అంటే ఎవరొస్తారు, నన్ను పిలిచినా రాను అంది. "పనికి రమ్మనండే. చెయ్యి సాయం పట్టినవాళ్ళందరికీ భోజనం అనండి. పిల్లా పెద్దా అందరం ఒకే వరసలో కూర్చుందాం. ఎవరు ఆకలికి తింటున్నారో, ఎవరు తోడుకి తింటున్నారో ఎవరికి తెలుస్తుంది?"

ఆ మాట పనిచేసింది. సాయం పట్టడానికి పిలుస్తున్నారంటే పిల్లలు తలుపుల వెనక నిలవలేదు. నాలుగేళ్ళవాడు ఒక ఉల్లిపాయని రెండు చేతుల్తో గుండెకి హత్తుకుని మోసుకొచ్చాడు. హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి, మళ్ళీ ఆ చివర్నుంచి ఈ చివరికి అదే ఉల్లిపాయ మోస్తూ, తనకెంత పనుందో అందరికీ చెప్పాడు. పెద్దపిల్లలు నీళ్ళు తోడారు. తల్లులు, మా వాడేం పాడుచేస్తున్నాడో చూసిపోదామని వచ్చి కూర్చుండిపోయారు. షిఫ్టు దొరకని మగవాళ్ళు కట్టెలు చీల్చారు. కట్టెలు చీల్చినవాళ్ళకి వడ్డించబోతే, మాకొద్దు, తోడుకి కూర్చుంటాం అన్నారు. కూర్చున్నాక కంచం నాకేంతగా తిన్నారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

ముడుల అక్క షిఫ్టు లేని పూట వచ్చేది. వడ్డన ఆమెది. కూతురూ వచ్చేది. కంచాలు కడిగేది, వరసలో కూర్చుని తినేది. తల్లి వడ్డించడానికి వస్తే కంచం ముందుకి జరిపేది. మాట్లాడేది కాదు. ఇంట్లోనూ అంతే. అడిగినదానికి తల ఊపేది. ముడుల అక్క కూతురికి ఒక గరిటె ఎక్కువ వేసేది. పిల్ల ఆ ఎక్కువని పక్కవాళ్ళ కంచంలోకి తోసేసేది.

ఒకరోజు గేటు జవాను పిల్లలు ఇద్దరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళమ్మ వీధి మలుపు దగ్గరే ఆగిపోయింది. ముందుకి రాలేక, వెనక్కి పోలేక గోడకి అతుక్కుపోయింది. జవానుదీ ఇవే లైన్లు, ఇదే సగం జీతం. కానీ గేటు దగ్గర పిల్ల చేతిలో రొట్టె పట్టించి నిలబెట్టింది అతనే. హాల్లో గోల మొదలైంది. వాళ్ళని వెళ్ళమనండి అన్నారు కొందరు. వాళ్ళ నాన్న మన పిల్లల్ని దొంగలన్నాడు, వాళ్ళిక్కడ ఎలా తింటారన్నారు. పిల్లలేం చేశారని వంటత్త అంటే, మన పిల్లలు మాత్రం ఏం చేశారని అడిగారు. ఆ పిల్లలిద్దరికీ అంతా వినబడుతోంది. పెద్దవాడు తమ్ముడి చెయ్యి పట్టుకుని కింద కూర్చోనూ లేదు, వెళ్ళనూ లేదు.

అందరి చూపూ ముడుల అక్క మీదికి మళ్ళింది. చెప్పాల్సింది ఆమే అన్నట్టు చూశారు. ఆమె గరిటె పట్టుకుని వాళ్ళ ముందు దాకా వచ్చింది. దాటి పోబోయింది. ఒక అడుగు వేసింది కూడా. ఆ అడుగు ఆమెకి తెలిసిన అడుగే. ఆగింది. వెనక్కి వచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టి వడ్డించింది. మంచితనం అని తర్వాత కొందరన్నారు. మంచితనం కాదు. ఇంకో బిడ్డని దాటిపోవడానికి ఆమెకి కాళ్ళు రాలేదు, అంతే.

హాల్లో తిండితో పాటు తగువులూ ఉడికేవి. తిన్నాక కాలేజీ పిల్ల కూర్చోబెట్టి మాట్లాడదామనేది. సగం షిఫ్టు ఎందుకు పెట్టారు, గోడౌన్లో పత్తి లేక కాదే, సెలవుల్లో బడి పొయ్యి ఎందుకు ఆర్పుతారు, సెలవులకి ఆకలెయ్యదని ఏ దొరగారు రాశారు, ఇవి అడగాలనేది. బాయిలర్ తాతకి ఇది గిట్టేది కాదు. సమ్మె ఓడిపోయినప్పుడు ఈ హాల్లోనే పెళ్ళాంబిడ్డలు ఏడ్చారనీ, ఇప్పుడు నోళ్ళు తెరిస్తే మళ్ళీ తాళం పడుతుందనీ, పిల్లల నోటి దగ్గర రాజకీయం పెట్టొద్దనీ అనేవాడు.

"తాతా, మనం ఆకలి మీద మూత పెడుతున్నాం. కింద మంట పెట్టేది వాళ్ళు" అంది ఆ పిల్ల.

"మూత పెట్టకపోతే ఈ పూట మాడేది పిల్లలు. నువ్వు మంట సంగతి చూసే లోపు వీళ్ళేం తింటారు?"

ఇద్దరి మాటా నిజమే కావడంతో తగువు తేలేది కాదు.

అలా ఉండగా గుప్పెళ్ళు చిన్నవయ్యాయి. ఇచ్చేవాళ్ళ డబ్బాలే అడుగంటాయి. పప్పు పల్చబడింది, తర్వాత పప్పు రంగు నీళ్ళయింది. రెండో వరస పిల్లలకి మాడు గోకి పెట్టాల్సి వచ్చింది. ఆ సమయం చూసి వెల్ఫేర్ ఆఫీసరు వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చాడు. మీరు చేస్తున్నది చూసి మేనేజిమెంటు చాలా సంతోషించిందన్నాడు. బయట ఆగిన బండి నిండా బియ్యం, పప్పు, నూనె. సెలవులయ్యేదాకా ఇంత పంపుతామన్నాడు. హాలు మిల్లు జాగాలోదే అయినా ఎవరూ ఖాళీ చెయ్యమనరన్నాడు. రెండే కోరికలు. సరుకు కొనే పెద్దవాళ్ళు మిల్లు చూడటానికి వస్తున్నారు. ఆ రోజు భోజనం ఇక్కడ కాకుండా మిల్లు గేటు దగ్గర టెంటు వేసి పెడదాం, వాళ్ళు ఫొటోలు తీసుకుంటారు. రెండోది, ఇక్కడ అన్నం సంగతి తప్ప వేరే సంగతులు వద్దు.

బండి అక్కడే ఉంది. పిల్లలు బస్తాల చుట్టూ తిరుగుతున్నారు. సమావేశం పెట్టుకున్నారు. కాలేజీ పిల్ల వద్దంది. సగం షిఫ్టుతో లాక్కున్నదాంట్లో ఇది గోరంత, అది తెచ్చి మన చేతనే దండం పెట్టిస్తున్నారంది. బాయిలర్ తాత తీసుకుందామన్నాడు. ఫొటోలో నిలబడితే ఎవరూ అరిగిపోరన్నాడు. రెండో వరస పిల్లల తల్లులు కాలేజీ పిల్ల వైపు చూశారు. నీ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది కాబట్టి మాట్లాడుతున్నావు అని ఆ చూపు అంది. ఆమె తల వంచుకుంది. చేతులెత్తమన్నారు. దాదాపు అన్ని చేతులూ లేచాయి. ముడుల అక్క చెయ్యీ లేచింది. కూతురి బుగ్గల మీద ఇప్పుడిప్పుడే కాస్త కండ పడుతోంది. ఏ తల్లి చెయ్యి దించుతుంది?

పెద్దవాళ్ళు వచ్చే రోజు వచ్చింది. గేటు దగ్గర తెల్లటి టెంటు, మిల్లు పేరు రాసిన గుడ్డ. పిల్లలందరికీ మిల్లు ముద్ర వేసిన కొత్త పళ్ళేలు ఇచ్చారు. ఎండలో వరసగా నిలబెట్టారు. వెనక తల్లుల్ని నిలబెట్టారు. వంటత్త చేత చీర మీద కొత్త గుడ్డ కట్టించి అండాల పక్కన నిలబెట్టారు. కార్లు వచ్చాయి. ఫొటోలు తీసేవాడు ముందు ఖాళీ పళ్ళేలతో ఒకటి కావాలన్నాడు. అందరూ పళ్ళేలు పైకెత్తాలి. ఎత్తారు. ఎండ పళ్ళేల మీద పడి మెరుస్తోందని, కాస్త వంచమన్నాడు. వంచారు. చిన్నవాళ్ళు నవ్వడం లేదన్నాడు. మళ్ళీ ఎత్తమన్నాడు. అండాల మూతలు తీసే ఉన్నాయి. వాసన వస్తోంది. నాలుగేళ్ళవాడి చేతులు వాలిపోతుంటే వెనక నుంచి తల్లి తన చేతుల్తో ఎత్తి పట్టుకుంది. పట్టుకుని మొహం పక్కకి తిప్పుకుంది.

ముడుల అక్క కూతురు పళ్ళెం దించేసింది. కోపంగా కాదు, అలిసిపోయి. దించి గుండెకి ఆనించుకుంది. ఫొటోలవాడు ఆ పిల్లని ఎత్తమనండి అన్నాడు. వెల్ఫేర్ ఆఫీసరు నవ్వుతూ దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని మొహం ఎత్తి చూసి గుర్తుపట్టాడు. వచ్చిన పెద్దవాళ్ళ వైపు తిరిగి, ఈ పిల్ల మొన్న మా క్యాంటీన్లో రొట్టె దొంగతనం చేసి దొరికిందనీ, ఇలాంటి పిల్లలకి కూడా మిల్లు కడుపునిండా పెడుతోందనీ, ముచ్చట చెప్పినట్టు చెప్పాడు. పెద్దవాళ్ళు నవ్వారు. మర్యాదగానే నవ్వారు.

వెనక వరసలోంచి ముడుల అక్క బయటికి వచ్చింది. వచ్చి కూతురి గడ్డం మీద ఉన్న ఆ చేతిని తీసి పక్కన పెట్టింది. ఎవరి చేతినైనా అలా తీసెయ్యొచ్చని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

"అది దొంగతనం చెయ్యలేదు సార్. మీరు పందులకి వేసినదాంట్లోంచి తీసుకుంది" అంది. గొంతు పెద్దగా లేదు. అందుకే అందరూ విన్నారు. "సగం షిఫ్టు మీరు పెట్టారు. ఆకలి మా ఇంటికొచ్చింది. పిల్లనిక్కడ నిలబెడితే నేను చూశాను. ఈ గేటులోంచే తల దించుకుని పోయాను. నా బిడ్డ ఆకలికి నాకు సిగ్గు లేదు. నేను పోయినందుకు సిగ్గు. ఆ సిగ్గు నేను చచ్చేదాకా పోదు. ఇవాళ మళ్ళీ పళ్ళెం ఎత్తి పట్టమంటే మాత్రం నా పిల్ల పట్టదు."

పళ్ళెం కూతురి చేతిలోంచి తీసుకుని నేల మీద పెట్టింది. పిల్ల చెయ్యి పట్టుకుంది. పిల్ల చెయ్యి ఇచ్చింది. నడిచారు. ఆ తర్వాత ఇంకో పళ్ళెం నేల మీదికి వచ్చింది, ఇంకోటి. తల్లులు పిల్లల్ని లాక్కుని బయటికి వస్తున్నారు. వంటత్త కొత్త గుడ్డ విప్పి అండా మీద కప్పింది.

ఇది వీరగాథ అనుకోవద్దు. పిల్లలు ఏడ్చారు. ఆకలేసిన పిల్లల్ని మూత తీసిన అన్నం దగ్గర్నుంచి లాక్కొస్తే ఏడవరా? వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, కాళ్ళు ఈడుస్తూ వచ్చారు. నాలుగేళ్ళవాణ్ణి తల్లి ఎత్తుకుంటే వాడు ఆమె భుజం మీంచి అండాల వైపు చెయ్యి చాచాడు. ఆ చెయ్యిని లైన్లలో ఎవరూ మర్చిపోలేదు.

సాయంత్రానికి హాలుకి మిల్లువాళ్ళు తాళం వేశారు. పాత తాళంచెవి పనికి రాకుండా కొత్త తాళం. బియ్యం బస్తాలు లోపలే ఉండిపోయాయి. వీధిలో జనం పోగయ్యారు. ముడుల అక్క మీదికి ఒకతను వచ్చాడు. నీ పౌరుషంతో మా పిల్లల కడుపు నిండుతుందా అని అడిగాడు. నువ్వొక్కదానివి తల ఎత్తుకుంటే మా పిల్లలు పస్తు పడుకోవాలా అన్నాడు. ఆమె మెట్టు మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుంది.

జవాబు బాయిలర్ తాత దగ్గర్నుంచి వచ్చింది. బండి దింపుకుందామన్నది నేనే, ఆమెని కాదు నన్ను తిట్టండి అన్నాడు. ఫొటోలో నిలబడితే ఎవరూ అరిగిపోరన్నాను, ఇవాళ పిల్లల మొహాలు చూశాక నా ఒంటి మీద చర్మం ఊడిపోతే బాగుండనిపించిందన్నాడు. తర్వాత కాలేజీ పిల్ల వైపు తిరిగి, రేపు పొయ్యి ఎక్కడ పెడదామని అడిగాడు. ఆ పిల్ల, మీ మాట వినకుండా నేను ఒక్కదాన్నే చెబితే మళ్ళీ తప్పు చేస్తానంది. అందరూ మాట్లాడారు. అరుచుకున్నారు. చివరికి తేలింది: హాలుకే తాళం వేశారు, రోడ్డుకి వెయ్యలేదు. మిల్లు గేటుకి ఎదురుగా, రోడ్డు మీదే వండుదాం. అడగాల్సిన మాటలు కూడా అక్కడే తేలాయి. పూర్తి షిఫ్టు ఇవ్వాలి. బడికి సెలవిచ్చినా బడి పొయ్యికి సెలవు ఇవ్వకూడదు. ఈ రెండోది ఎవరు అన్నారో తెలియదు, పిల్లల్లో ఎవరో అన్నారంటారు.

మర్నాడు ఎండెక్కక ముందే రోడ్డు మీద మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేశారు. బియ్యం ఎక్కడిదంటే, ఇంతకు ముందు అడిగితే ఇచ్చిన ఇళ్ళు కాక, అడగని ఇళ్ళవాళ్ళు తెచ్చారు. కూరగాయల బండి అతను ఈసారి బండితోనే వచ్చి పొయ్యి పక్కన ఆపుకున్నాడు, ఎవరికి చెప్పినా ఫరవాలేదన్నాడు. ముడుల అక్క మీద అరిచినతను కట్టెలు మోసుకొచ్చి, ఆమె పక్కన పడేసి చీల్చడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం షిఫ్టుకి సైరన్ మోగే వేళకి పిల్లలు గేటుకి అడ్డంగా వరసలు కట్టి కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య ముసలివాళ్ళు. షిఫ్టుకి వచ్చినవాళ్ళు ఆగిపోయారు. లోపలికి పోవాలంటే పిల్లల కంచాల మీంచి కాళ్ళు ఎత్తి వేసుకుంటూ పోవాలి. గేటు లోపల వెల్ఫేర్ ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందున్న ఒక పెద్దాయన టిఫిన్ డబ్బా తెరిచి, అందులో ఉన్నది ముందు వరసలో పిల్లాడి కంచంలో వేసి, పక్కనే కూలబడ్డాడు. ఒక్కరు కూర్చున్నాక రెండోవారు కూర్చోవడం కష్టం కాలేదు. ఆ పూట మిల్లులో దారం తెగలేదు, ముడీ పడలేదు.

మొదటి వరసకి వడ్డించడం అయ్యిందో లేదో పోలీసులొచ్చారు. దారి అడ్డగించారన్నారు. ఎవరు చేయించారని అడిగారు. వంటత్త గరిటె ఎత్తి, వంట నేనే చేశానంది. కాలేజీ పిల్ల ముందుకొచ్చింది. ముడుల అక్క అప్పటికే లేచి నిలబడింది. ముగ్గుర్నీ వ్యాను ఎక్కించారు. వంటత్త చేతిలో గరిటె లాగి రోడ్డు మీద పడేశారు. బాయిలర్ తాత తననెవరూ పిలవకపోయినా వెళ్ళి వ్యానులో కూర్చున్నాడు. దిగమంటే, మోకాళ్ళ నొప్పులు, ఎక్కడమే కష్టమైంది, దిగలేనన్నాడు.

వ్యాను తలుపు వేసే ముందు ముడుల అక్క కూతురు పరుగెత్తుకొచ్చింది. ముడుల అక్క కమ్మీల్లోంచి చెయ్యి బయటపెట్టింది. అన్ని రోజుల మౌనం తర్వాత పిల్ల తల్లితో మాట్లాడింది.

"రాత్రికి వస్తావా?"

"తెలీదమ్మా."

"నేను రాళ్ళేరే అవ్వ దగ్గర పడుకుంటాలే. నువ్వు తిను అక్కడ. పెడితే తిను."

వ్యాను కదిలింది. దుమ్ము లేచింది. రోడ్డు మీద అండాలో అన్నం సగానికి పైగా ఉంది. రెండో వరస ఖాళీ కంచాలతో కూర్చుని ఉంది. మిగిలిన పోలీసులు లాఠీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరు లేస్తారు, ఎవరు ముందు ఇంటి దారి పడతారు అన్నట్టు జనమంతా బిగుసుకుపోయి ఉంది. కాసేపు ఏమైనా జరగొచ్చు అనిపించింది. అందరూ లేచి తల వంచుకుని వెళ్ళిపోవడం కూడా జరగొచ్చు.

జనం వెనక నుంచి ఒక మనిషి తోసుకుంటూ వచ్చింది. జవాను భార్య. అన్ని రోజులూ పిల్లల్ని పంపి వీధి మలుపు దాటి రానిది. గేటు లోపల నిలబడ్డ భర్త వైపు చూడలేదు. రోడ్డు మీద పడ్డ గరిటె తీసి, నీళ్ళతో కడిగి, అండా దగ్గరికి వెళ్ళింది. ఒక పోలీసు అడ్డం వచ్చాడు. ఆమె అతని పక్క నుంచి తప్పుకుని అండాలో గరిటె ముంచింది.

"ఇంకా ఎవరికి వడ్డించలేదు?" అని అడిగింది.

రెండో వరసలో పిల్లల చేతులు లేచాయి. షిఫ్టు మానేసి కూర్చున్న పెద్దాయన ఒక్క క్షణం ఆగాడు. నెమ్మదిగా తనూ చెయ్యి ఎత్తాడు. తోడుకి కాదు, ఆకలేసి. అతని పక్కన ఇంకో చెయ్యి లేచింది. తర్వాత రోడ్డు పొడుగునా పెద్దవాళ్ళ చేతులు లేచాయి.